సీసాలో ఉన్నది కూడు కాదు

(కార్యకర్తల ఆరోగ్య శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగం. మాట్లాడిన అక్క ముప్పై ఏళ్ళు సర్కారు ఆస్పత్రుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. రికార్డు విని రాసుకున్నాం. మాట తీరు మార్చలేదు. - సం.)



పొద్దుటి నుంచీ భూమి గురించీ కేసుల గురించీ మాట్లాడుకున్నారు. నాకు ఆరోగ్యం అని రాసిచ్చారు. ఆరోగ్యం అనంగానే చేతులు కడుక్కోండి, ఆకుకూరలు తినండి అని చెప్పి దిగిపోతారు మావాళ్ళు. ఆకుకూరలు తినమని మనకి చెప్పేదేంది, పొలం గట్టు మీద కూర కోసుకొచ్చేదే మనం. నేను ఒక్క వస్తువు గురించే మాట్లాడతాను. మీ అందరి ఇళ్ళల్లో దూలానికి తాడు కట్టి వేలాడదీసిన వస్తువు. సెలైను సీసా.

ఈ పందిట్లో సీసా ఎక్కించుకోనివాళ్ళు చెయ్యెత్తండి. చూశారా, నలుగురు. ఆ నలుగురూ పిల్లలే.

మిరప కోతలయిపోంగానే ఒళ్ళు ఇరిగినట్టుంటది. కళ్ళు తిరుగుతయ్యి. అన్నం సయించదు. ఆరెంపీ బండి మీద వస్తాడు, నులక మంచం మీద పడుకోబెట్టి సూది గుచ్చి సీసా తగిలిస్తాడు. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి చూసిపోతారు. ఎన్ని ఎక్కినయ్యి అని అడుగుతారు. రెండెక్కితే మామూలు జబ్బు, అయిదెక్కితే పెద్ద జబ్బు. "అన్నం తినట్లా, ఒక గ్లూకోజు పెట్టించండయ్యా, బలం పడుద్ది" అని ముసలమ్మలే చెప్తారు. బలం అనే మాట దగ్గర నేను ఆగుతాను. ఆ సీసాలో ఎంత బలం ఉందో లెక్క చూద్దాం. లెక్క రాని జాతని మనల్ని కదా అన్నది, మనమే వేద్దాం.

గ్లూకోజు సీసా మీద 5 శాతం అని రాసి ఉంటది. అర లీటరు సీసా. అంటే అందులో చక్కెర 25 గ్రాములు. చిన్న చెంచాతో అయిదారు చెంచాలు. మిగతాదంతా నీళ్ళు. మన ఒంటి పొయ్యికి తిండి కట్టె లాంటిది, ఆ కట్టెను కొలిచే కొలతని కేలరీ అంటారు. 25 గ్రాముల చక్కెరలో వంద కేలరీలకు మించి ఉండవు. 30 గ్రాముల బియ్యంలో అంతే ఉంటది. 30 గ్రాములంటే చిన్న గుప్పెడు. పక్షులకి చల్లేంత. ఇంకో రకం సీసా ఉంది, ఉప్పునీళ్ళది. అందులో ఉప్పు నాలుగున్నర గ్రాములు, కేలరీలు సున్నా. చాలాసార్లు మీకు ఎక్కేది అదే. ఎర్రరంగు సూదిమందు అందులో కలిపితే సీసా అంతా ఎర్రబడుద్ది, రక్తం ఎక్కినంత తృప్తి. అది బి విటమిను.

దీనికి మీరిచ్చే డబ్బు ఎంత? రెండు రోజుల కూలి. సీసా మీద అచ్చేసిన ధర చూడండి, మీరిచ్చింది చూడండి.

మనవాళ్ళు అమాయకులు కాబట్టి మోసపోతున్నారని ఈ మాట చెప్పట్లా. ఆ మాట ఊళ్ళో పెద్దమనుషులు చెప్తారు. ఎండలో ఎండిపోయిన ఒంట్లోకి అర లీటరు నీళ్ళు పోతే తేలిగ్గా అనిపించేది నిజమే. పైగా రేపు పనికి పోకపోతే కూలి లేదు. మంచం మీద పడుకుంటే సోమరితనం అంటారు, సీసా తగిలిస్తే జబ్బు అని ఒప్పుకుంటారు. మన జబ్బుకి ఆ సీసా సాక్షి. అందుకే పెట్టించుకుంటాం. కానీ ఆ నీళ్ళే నోటితో తాగొచ్చు. లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచాలు తలకొట్టి వెయ్యాలి, పోగుగా కాదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బెంగాలులో బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా వస్తే, సీసాలు అయిపోతే, దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు ఉప్పూ గ్లూకోజూ పొట్లాలు కట్టి నీళ్ళల్లో కలిపించి, తల్లుల చేతే తాగించాడు. చావులు వందకి ముప్పై నుంచి నాలుగు లోపుకి పడిపోయినయ్యి. తాగలేనంత వాంతులున్నా, తెలివి తప్పినా, డెంగీలో బీపీ పడిపోయినా అప్పుడు సీసా కావాల్సిందే, అది ఆస్పత్రిలో కావాలి. గుండె జబ్బు మనిషికీ కిడ్నీ జబ్బు మనిషికీ ఇంట్లో వరసగా సీసాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుద్ది. ఈ సంగతి ఇక్కడితో వదిలేస్తున్నా, ఎందుకంటే అసలు చెప్పాల్సింది ఇంకోటి ఉంది.

నరం ద్వారా అన్నం పెట్టడం అనేది నిజంగా ఉందా? ఉంది. సీసా నీళ్ళు కాదు, నిజమైన అన్నం. చక్కెర, నూనె, మాంసకృత్తుల ముక్కలు, ఉప్పులు, విటమిన్లు అన్నీ కలిపి ఒక సంచి. నోట్లోకి ముద్ద పోకుండా ఏళ్ళ తరబడి, ఇంటి దగ్గరే, పని చేసుకుంటూ బతికేవాళ్ళు ప్రపంచంలో వేలమంది ఉన్నారు. మనకి ఎవరూ చెప్పలేదు.

ఎవరికి కావాలి అది? పేగు పోయినవాళ్ళకి. మనిషికి చిన్నపేగు దాదాపు ఇరవై అడుగులుంటది. అన్నం ఒంట్లో కలిసేది అక్కడే. పేగుకి పోయే రక్తం గడ్డకట్టినా, పేగు మెలిపడి కుళ్ళినా, దాన్ని కోసి తీసేస్తారు. పిల్లలు కొందరు పేగు సరిగా లేకుండానే పుడతారు. ఆరేడు అడుగుల కంటే తక్కువ మిగిలితే ఎంత తిన్నా కిందికి పోతా ఉంటది. మనిషి తింటానే ఉంటాడు, ఎండిపోతానే ఉంటాడు.

అట్టాంటి మనిషికి మన గ్లూకోజు సీసాలతో అన్నం పెట్టాలంటే? కోత కోసే మనిషికి రోజుకి 2,500 కేలరీలు కావాలి. సీసాకి వంద చొప్పున 25 సీసాలు. పన్నెండున్నర లీటర్ల నీళ్ళు రోజూ. రెండో రోజుకే ఊపిరాడదు. సరే, నీళ్ళు తగ్గించి చక్కెర చిక్కగా పోద్దామంటే చేతి నరం మండి, వాచి, తాడు లాగా గట్టిపడి మూసుకుపోద్ది. డాక్టర్లు ఏళ్ళ తరబడి ఇక్కడే ఆగిపోయారు.

దీన్ని దాటించింది అమెరికాలో ఫిలడెల్ఫియా డాక్టర్లు. అందులో ముఖ్యుడు స్టాన్లీ డ్యుడ్రిక్, బొగ్గుగనుల ఊళ్ళో పుట్టినోడు. చేతి నరం వదిలేసి గుండె పైన ఉండే పెద్ద నరంలోకి సన్నగొట్టం తోశారు. అది బొటనవేలంత లావుంటది, నిమిషానికి లీటర్ల కొద్దీ రక్తం పారతా ఉంటది. ఎంత చిక్కటిది పోసినా క్షణంలో కలిసిపోద్ది. కాలవ గట్టున పోస్తే గట్టు తెగుద్ది, నడి ఏట్లో పోస్తే తెలియనే తెలియదు, అంతే కిటుకు. ముందు కుక్కపిల్లల్ని అట్టా పెంచి చూశారు. 1967లో పేగు లేకుండా పుట్టిన ఒక ఆడబిడ్డని దాదాపు రెండేళ్ళు బతికించారు. నూనె సంగతి స్వీడన్‌లో వ్రెట్‌లిండ్ అనే ఆయన 1960ల మొదట్లోనే తేల్చాడు. సోయా నూనెని గుడ్డు సొనలోని జిగటతో చిలికి పాలలాగా చేశాడు. చూస్తే తెల్లగా పాలే అనిపిస్తది. మీ దూలానికి వేలాడే సీసా నీళ్ళలా కనపడుద్ది చూడండి, ఎందుకంటే అది నీళ్ళే.

ఇంతవరకూ ఆస్పత్రిలో. ఇంటికి ఎట్టా వచ్చిందో అది మనకి కావాల్సిన కథ.

కెనడాలో టొరంటో నగరం. 1970లో ముగ్గురు ఆడపిల్లల తల్లికి పేగు రక్తం గడ్డకట్టి పేగంతా తీసెయ్యాల్సొచ్చింది. ముప్పై దాటిన వయసు. ఆమెని చూసింది ఖుర్షీద్ జీజీభాయ్, పార్శీ డాక్టరు, మన పక్కనున్న వేలూరు మిషన్ కాలేజీలో చదివి పోయినాయన. నెలల తరబడి ఆస్పత్రిలో నరం ద్వారా అన్నం పెట్టారు. తర్వాత ఏం చెయ్యాలి? జీవితమంతా ఆస్పత్రి మంచమా? ఆమెకే నేర్పారు. రాత్రి పడుకోబోయే ముందు సంచి తగిలించుకోవడం, పొద్దున్నే తీసేసి గొట్టం మూత పెట్టుకోవడం. ఆమె ఇంటికి పోయింది, పిల్లల్ని పెంచింది, దాదాపు ఇరవై ఏళ్ళు బతికింది. ఒక గృహిణి. డాక్టరు కాదు, నర్సు కాదు. ఆ ఊళ్ళోనే 1977లో ఇట్టాంటి రోగి ఒకామెని చూసి, క్రోమియం అనే లోహం కాసింత లేకపోతే మనిషికి షుగరు జబ్బు లాంటిది వస్తదని కనిపెట్టారు. మనిషికి ఏమేం కావాలో పుస్తకాలకి నేర్పింది ఈ రోగులు.

ఇప్పుడు నేను నర్సుగా చెప్పే మాట వినండి. ఈ వైద్యంలో పెద్ద ప్రమాదం ఏంటంటే గొట్టం గుండె దాకా పోయి ఉంటది. దాని మూతి దగ్గర ఒక్క క్రిమి చేరినా నేరుగా రక్తంలోకి. సంచి తగిలించిన గంటలో చలి వణుకు, జ్వరం వచ్చిందంటే ఆ మనిషిని అప్పటికప్పుడు ఆస్పత్రికి తీసుకుపోవాలి, పొద్దున చూద్దాం అనకూడదు. అందుకని రెండు మూడు వారాలు కూర్చోబెట్టి శుభ్రత నేర్పుతారు. చేతులెట్టా కడగాలి, ఎంతసేపు కడగాలి, మూతిని స్పిరిటు గుడ్డతో ఎన్నిసార్లు రుద్దాలి, రుద్దినాక ఆరేదాకా ఎట్టా ఆగాలి, దేన్ని ముట్టుకోవాలి, దేన్ని ముట్టుకోకూడదు.

ముట్టుకోకూడదు అనే మాట మనకి కొత్త కాదు. వేల ఏళ్ళు మనం విన్న మాట అదే. మడి అన్నారు, మైల అన్నారు. తడిగుడ్డ కట్టుకుని తిరిగితే శుభ్రం, మన నీడ పడితే మైల. ఆ మడిచేత్తో ఈ గొట్టం ముట్టుకుంటే రోగి మూడో రోజుకి చచ్చిపోతాడు. సబ్బుతో పద్ధతిగా కడిగిన మాదిగ చెయ్యి ముట్టుకుంటే ఇరవై ఏళ్ళు బతుకుతాడు. క్రిమికి కులం తెలవదు, కడిగిన చెయ్యీ కడగని చెయ్యీ, రెండే తెలుసు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పెద్దకులపు రోగి నా చేత మంచినీళ్ళు తాగలేదు. నరంలోకి సూది మాత్రం నా చేతే వేయించుకున్నాడు. కడుపులోకి పోతే మైల, రక్తంలోకి పోతే కాదు. నేనేమీ అనలేదు, రెండో సూది కూడా నేనే వేశాను. ఈ రాష్ట్రంలో నర్సుల్లో మన పల్లెల ఆడపిల్లలు ఎంతమందో మీకు తెలుసు. ఒంటి గలీజు ముట్టుకునే పని అని వాళ్ళు వదిలేశారు, మనం పట్టుకున్నాం, విద్యగా చేసుకున్నాం.

హస్తవాసి అంటారు చూడండి, ఫలానా డాక్టరుది మంచి చెయ్యి అని. హస్తవాసి పుట్టుకతో రాదు. నేర్పితే వస్తది. ఏడో తరగతి చదివిన మన చెల్లికి వస్తది, అక్షరం రాని అత్తకీ వస్తది. డయాలసిస్ సంచులు పొట్టలోకి పోసుకునే పద్ధతి ఇంట్లో చేసుకుంటున్న మామూలు మనుషులు ఈ దేశంలోనే ఉన్నారు. నేర్పకుండా "వీళ్ళకి శుభ్రత తెలవదు, ఇన్‌ఫెక్షన్ వస్తది, ఇంటికి పంపలేం" అనే డాక్టరు నోట్లో మాట్లాడేది సైన్సు కాదు, పాత మడే.

అమెరికాలో కూడా ఇది ఎవరికివ్వాలి అనే గొడవ వచ్చింది. సియాటిల్ నగరంలో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే డాక్టరు 1960లో ఏళ్ళ తరబడి డయాలసిస్ చెయ్యడానికి దారి కనిపెట్టాడు. మిషన్లు కొన్నే, రోగులు వందల మంది. ఎవరు బతకాలో తేల్చడానికి ఏడుగురి కమిటీ వేశారు. ఒక లాయరు, ఒక పాస్టరు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఒక సర్కారు అధికారి, ఒక కార్మిక నాయకుడు, ఒక సర్జను. వాళ్ళు ఏం చూశారు? ఆస్తెంత, చదువెంత, చర్చికి పోతాడా, ఉద్యోగం ఉందా. 1962లో ఒక పత్రిక బయటపెడితే దేశమంతా ఉలిక్కిపడింది. జనం దానికి దేవుడి కమిటీ అని పేరు పెట్టారు. పదేళ్ళకి, 1972లో, కిడ్నీ పోయిన ప్రతివాళ్ళకీ సర్కారే ఖర్చు పెట్టాలని అక్కడ చట్టమొచ్చింది. ఆ స్క్రిబ్నరే 1970లో ఈ ఇంటి సంచికి "కృత్రిమ పేగు" అని పేరు పెట్టాడు. ఆ పేరు ఊరికే పోలా. అమెరికా ప్రభుత్వ బీమాలో ఈ సంచిని తిండి పద్దు కింద రాయలేదు, పనిచెయ్యని అవయవానికి బదులు అవయవం అని రాశారు. కాలు పోయినవాడికి జైపూర్ కాలు ఇచ్చినట్టు, పేగు పోయినవాడికి పేగు. అట్టా రాయబట్టే డబ్బు వచ్చింది. ఆ రోగులు 1983లో న్యూయార్కు రాష్ట్రంలో ఓలీ ఫౌండేషన్ అని సంఘం పెట్టుకున్నారు, ఒక డాక్టరూ ఒక రోగీ కలిసి. కొత్తగా సంచి పెట్టిన మనిషికి పాత రోగి ఫోను చేసి ధైర్యం చెప్తాడు. సంఘం లేకపోతే రోగి ఒంటరి, ఒంటరి మనిషి మాట కౌంటరు దగ్గరే ఆగిపోద్ది.

మన దగ్గర దేవుడి కమిటీ లేదు. అవసరం లేకుండానే తేలిపోద్ది.

మా పినతండ్రి కొడుకు, నాకు తమ్ముడు. మిరప యార్డులో ముఠా పని. బస్తా వీపు మీద పెడితే నవ్వుతా నడిచే మనిషి. ఒకరోజు కడుపునొప్పితో పడిపోతే పెద్దాస్పత్రికి పట్టుకుపోయారు. పేగు నల్లబడి ఉంటే కోసేశారు. ప్రాణం నిలిచింది. ఆ పని చేసిన సర్జను చెయ్యి మంచిదే, నేను కాదనను. కానీ పద్దెనిమిదో రోజున డిశ్చార్జి కాగితం ఇచ్చారు. "పుష్టికరమైన ఆహారం తీసుకోవాలి" అని రాశారు. పేగు తీసేసిన మనిషికి! ఎన్ని అడుగులు తీశారో రాయలేదు, ఎన్ని మిగిలాయో రాయలేదు. నేను అప్పుడు ఇంకో జిల్లాలో డ్యూటీలో ఉన్నా, నాకు కబురొచ్చేసరికి రెండు నెలలు దాటింది.

మరదలు గుడ్లు పెట్టింది, పాలు పోసింది. తిన్నదంతా గంటలో బయటికి. దాహం దాహం అని కుండలో నీళ్ళు తాగుతానే ఉన్నాడు. పేగు తక్కువున్నోళ్ళకి ఉత్తనీళ్ళు ఎక్కువ తాగితే ఒంట్లో ఉప్పుని కూడా లాక్కుని పోతయ్యి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళే గుక్క గుక్కగా తాగాలి. ఇది ఒక్క వాక్యం. కాగితం మీద రాయడానికి అర నిమిషం. ఎవరూ రాయలా. గేదెని అమ్మారు. ఆ డబ్బుతో ఆరెంపీ నలభై సీసాలు ఎక్కించాడు. నలభై! ఆ నలభై సీసాల్లో కలిపి ఎంతుందో నేను తర్వాత లెక్కేశాను. 4,000 కేలరీలు. ఆ మనిషి యార్డులో పనిచేసే రోజుల్లో ఒకటిన్నర రోజు తిండి. నాలుగు నెలలకి పోయాడు. పోయేనాటికి తూకం 29 కేజీలు. అంతకు రెండింతల బరువున్న బస్తా మోసినోడు.

నరంలోకి అన్నం పెట్టే సంచి ఒకటి ఉంటది, దాని గురించి అడగండి అని ఆ ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. ఇచ్చి ఉంటే బతికేవాడా? చెప్పలేను. కొందరికి ఏడాది రెండేళ్ళు సంచి ఆసరా ఇస్తే మిగిలిన పేగే సాగి, లావయ్యి, పని నేర్చుకుంటది. అప్పుడు సంచి తీసెయ్యొచ్చు. ఆ ఏడాది మా తమ్ముడికి దొరకలా.

సరే, రేపు ప్రభుత్వం ఇస్తానందనుకుందాం. సంచి ఎక్కడికి రావాలి? ఇంటికి. ఇంటి దగ్గర వైద్యం అంటే ముందు ఇల్లుండాలి గదా. ఇంగ్లండులో సర్కారు వైద్యం కింద ఈ రోగికి సంచులతో పాటు అవి పెట్టుకునే ఫ్రిజ్జు వస్తది, పంపు వస్తది, కావాలంటే నర్సు వస్తది, రోగి పైసా కట్టడు. సంచిని చల్లగా ఉంచాలి, లేకపోతే పాడవుద్ది. రాత్రి పది పన్నెండు గంటలు పంపు నడవాలి. పారే నీళ్ళతో చెయ్యి కడగాలి. ఒక శుభ్రమైన బల్ల, పిల్లలూ కోళ్ళూ రాని ఒక మూల ఉండాలి. ఇప్పుడు మన పల్లె చూడండి. ఒక గది, అందులోనే పొయ్యి, అందులోనే ఆరుగురు. ఊళ్ళోకి సిమెంటు రోడ్డు వచ్చి పల్లె మొదట్లో ఆగిపోద్ది, అంబులెన్సు అక్కడిదాకే. కుళాయి ఆఖరి వరసలో మనది, నీళ్ళు సన్నగా వస్తయ్యి. కరెంటు పోతే ముందు పోయేది మన వైపు, వచ్చేది ఆఖరున. అందుకే నేను వైద్యం వేరు, ఇంటి స్థలం పోరాటం వేరు అనుకోను. పొద్దున ఇంటి స్థలాల గురించి మాట్లాడిన అన్న నా ఉపన్యాసంలో సగం మాట్లాడేశాడు. ఎస్సీ ఉపప్రణాళిక చట్టం 2013 నుంచీ ఉంది. దాని డబ్బులో మన పల్లె కుళాయికీ లైనుకీ ఎంత వచ్చింది అని అడగడం కూడా వైద్యమే.

ఒక జాగ్రత్త. ఈ సంచి అందరికీ కాదు. పేగు పనిచేస్తుంటే పేగుతోనే తినాలి. మింగలేని మనిషికి, పక్షవాతమొచ్చిన మనిషికి, ముక్కులోంచి పొట్టలోకి సన్నగొట్టం వేసి రాగిజావ వడగట్టి, పాలూ గుడ్డూ కలిపి పొయ్యొచ్చు. అది చవక, ప్రమాదం తక్కువ. నరం సంచి ఒక్కొక్కటి వేలల్లో ఉంటది, ఏళ్ళు గడిస్తే కాలేయం దెబ్బతినొచ్చు, గొట్టంలో గడ్డ కట్టొచ్చు. ఇదేదో కొత్త బలం మందు అని రేపు ఒక కార్పొరేట్ ఆస్పత్రివాడు మీకు అంటగడితే తీసుకోకండి. ఇంకోటి, ఎవడో ఒక్క కంపెనీ చేతిలో ఈ సరుకంతా ఉంటే ఏమవుద్దో కూడా చూశాం. 2019లో ఇంగ్లండులో తయారీ లోపాలు బయటపడి ఒక కంపెనీ ఉత్పత్తి తగ్గించాల్సొస్తే ఇళ్ళల్లో ఉన్న రోగులకి సంచులు అందక ఆస్పత్రుల్లో చేరాల్సొచ్చింది. 2024లో అమెరికాలో తుపానుకి ఒక్క ఫ్యాక్టరీ మునిగితే దేశానికి కావాల్సిన సెలైనులో 60 శాతం ఆగిపోయింది. మనం అడిగేటప్పుడు తయారీ సర్కారు చేతిలో కూడా ఉండాలని అడగాలి.

డబ్బు లేదంటారు. మొదట డయాలసిస్‌కీ అదే అన్నారు. ఉద్దానంలో జనం ఏళ్ళ తరబడి కిడ్నీలు పోయి చస్తూ, కొట్లాడీ కొట్లాడీ 2023 డిసెంబరులో పలాసలో ఆస్పత్రి సాధించుకున్నారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో డయాలసిస్ ఉంది. ఆంధ్రలో ఆ రోగులకి నెలకి 10,000 పింఛను కూడా ఉంది. కిడ్నీ అవయవమైతే పేగు అవయవం కాదా? ఇంకో సంగతి కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాలి. 1996లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. రైలు మీంచి పడ్డ వ్యవసాయ కూలీని కలకత్తాలో ఒకదాని తర్వాత ఒకటి సర్కారు ఆస్పత్రులు మంచాల్లేవని తిప్పి పంపినయ్యి. కేసు వేసింది ఎవరు? పశ్చిమ బెంగాల్ వ్యవసాయ కూలీల సంఘం. మన లాంటోళ్ళే. ప్రాణాపాయంలో వైద్యం అందించకపోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కుని కాలరాయడమే, డబ్బు లేదనే సాకు చెల్లదు అని కోర్టు చెప్పింది. బాబాసాహెబ్ రాసిపెట్టిన అధికరణాన్ని కూలీల సంఘం పట్టుకుపోయి ఆస్పత్రి గుమ్మం మీద పెట్టింది.

ఇక చెయ్యాల్సింది. మన పల్లెల్లో ఎవరికి పేగు ఆపరేషన్ అయినా డిశ్చార్జి కాకముందే ఇద్దరు కార్యకర్తలు పోవాలి. సర్జనుని మర్యాదగానే అడగండి, సార్, ఎంత పేగు తీశారు, ఎంత మిగిలింది, పెద్దపేగు ఉందా లేదా, ఏం తాగాలి ఏం తాగకూడదు, నరం ద్వారా ఆహారం అవసరమా కాదా. ఆ జవాబు కాగితం మీద రాయించండి. నోటి మాటగా చెప్తే వినేసి రాకండి. మనిషి తూకం ఆ రోజు ఎంతో రాయండి, తర్వాత వారం వారం రాయండి. వరసగా తగ్గుతుంటే ఆరెంపీ దగ్గరికి కాదు, ఆ కాగితం పట్టుకుని ఆస్పత్రికే తిరిగి పోవాలి. ఆరెంపీలతో గొడవ పెట్టుకోమని నేను చెప్పట్లా, రాత్రిపూట మన పల్లెకి వచ్చేది వాళ్ళే. సీసా ఎందుకు, అందులో ఏముంది, ధరెంత అని అడగండి చాలు. గుచ్చే సూది మీ కళ్ళముందు కవరు చించి తియ్యాలి.

కలెక్టరుకి ఇచ్చే అర్జీ నకలు అధ్యక్షుల వారి దగ్గర ఉంది. అందులో మూడు సంగతులు రాశాం. పేగు పనిచెయ్యని రోగులకి ఇంటి దగ్గర నరం ద్వారా ఆహారాన్ని డయాలసిస్ లాగే ప్రభుత్వ పథకంలో చేర్చాలని, పెద్దాస్పత్రుల్లో రోగి ఇంటివాళ్ళకే ఆ పని నేర్పే నర్సుల్ని పెట్టాలని, అట్టాంటి రోగి ఉన్న ఇంటికి కరెంటూ కుళాయీ ముందు ఇవ్వాలని. సంతకాలు పెట్టండి, వేలిముద్రలూ వెయ్యండి. కానీ అర్జీకి పేర్లు కావాలి. ఎంతమంది ఉన్నారు అని కలెక్టరు అడిగితే మనం నీళ్ళు నమలకూడదు. మీ పల్లెలో పేగు తీసేసినవాళ్ళు, తీసేసి ఇంటికొచ్చి చిక్కిపోతున్నవాళ్ళు, పేగు జబ్బుతో పుట్టిన పిల్లలు ఎవరున్నా పేరు, వయసు, ఆపరేషన్ అయిన తేదీ, అప్పటి తూకం, ఇప్పటి తూకం రాసి ఈ నెలాఖరులోగా నాకు పంపండి. తూకం యంత్రం లేదనకండి. రేషన్ షాపులో కాటా ఉంది, దాని మీద నిలబెట్టి తూచండి.